తేదీ చెప్పేముందు ఒక్క నిమిషం: ఇల్లూ కొట్టూ రెండూ నడిపేవాళ్ళకి

చిన్న వ్యాపారం చేసుకునే ఆడవాళ్ళం నలుగురం కలిస్తే చాలు, ఒకరైనా ఈ మాట అంటారు: "పనికి భయపడనక్కా, ఎవరికీ సరిగా చెయ్యలేకపోతా ఉండాననే దిగులే నన్ను తినేస్తా ఉండాది." తిరుపతి బైరాగిపట్టెడలో నాది జాకెట్లు కుట్టే కొట్టు. మూడు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, నాతోపాటు ఇద్దరు అమ్మాయిలు. ఇంట్లో అత్తమ్మ, పదో తరగతి చదివే కూతురు, ఆరో తరగతి కొడుకు. మా ఆయన యాత్రికులకి కారు తోలతారు.

నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. మనిషిని కుంగదీసేది ఇచ్చిన మాట. కుట్టే జాకెట్టు మిషన్ మీదున్నంతసేపే బరువు. "రేపిస్తాలే" అని నోరు జారిన జాకెట్టు అన్నం తినేటప్పుడూ బరువే, కూతురికి జడ వేసేటప్పుడూ బరువే, లైటార్పి పడుకున్నాక ఇంకా బరువు. ఉత్సాహం ఎట్లా తెచ్చుకోవాలని అడిగే చెల్లెళ్ళకి అందుకే నేను ముందు తేదీ ఇవ్వడం నేర్చుకోమంటాను. టైలరింగ్ గురించి రాస్తున్నా, టిఫిన్ సెంటరు, బ్యూటీ పార్లరు, పచ్చళ్ళ వ్యాపారం, ఏదైనా మీ లెక్కకి మార్చుకోవచ్చు.

ఒకే పుస్తకం

కొట్టుకొక పుస్తకం, ఇంటికొక క్యాలెండరు పెట్టుకోవద్దు. పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి కొని, పేజీకొక తేదీ వేసి, ఆ రోజు చెయ్యగలిగిన పనికి తగ్గట్టు గళ్ళు గీయండి. ఎన్ని గళ్ళు అనేదే అసలు విషయం. లైనింగ్ జాకెట్టు ఒకటి కత్తిరించి కుట్టడానికి చెయ్యి తిరిగినవాళ్ళకి గంటన్నర నుంచి రెండు గంటలు. హుక్కులు, కాజాలు, చేతిపని వేరు. ప్రిన్సెస్ కట్టో, వీపు మీద డిజైనో అయితే ఇంకా ఎక్కువ. ఈ లెక్క చూసి రోజుకి నాలుగైదు సులువుగా అయిపోతాయి అనిపిస్తుంది. అట్లా గీయొద్దు. మధ్యాహ్నం కరెంటు పోయి, స్కూల్ నుంచి పిల్లోడు జ్వరంతో వచ్చిన రోజు ఎన్ని కుట్టగలరో అన్నే గళ్ళు గీయండి. మంచి రోజు లెక్కతో మాటిస్తే మామూలు రోజు కూడా మనకి చెడ్డ రోజైపోతుంది.

ఇంటి పనులు కూడా అదే పేజీలో, అవే గళ్ళలో రాయండి. అత్తమ్మకి బీపీ చూపించే రోజు ఒక గడి. కూతురి పేరెంట్స్ మీటింగ్ రెండు గళ్ళు, ఎందుకంటే పోను, రాను, టీచరు కోసం కూర్చోను సగం పూట గడిచిపోతుంది. పదో తరగతి పరీక్షలుండే మార్చిలో సాయంత్రం గళ్ళన్నీ నేను ఎర్ర పెన్నుతో ముందే కొట్టేశాను. పిల్లకి మనం పాఠం చెప్పలేకపోవచ్చు. పక్కన కూర్చుంటే చాలు, తను చదువుతుంది.

దీనితో మనసుకి జరిగే మేలు పెద్దది. పిల్లల పని గడిలోకి ఎక్కితే అది కొట్టు నుంచి దొంగిలించిన సమయం కాదు, ముందే అమ్ముడైపోయిన సమయం. మీటింగ్‌లో కూర్చున్నప్పుడు కొట్టు గుర్తొచ్చి కాలు నిలవకపోవడం అక్కడితో తగ్గుతుంది.

పుస్తకం కస్టమర్ ముందే తెరవండి. పెళ్ళిళ్ళ సీజన్‌లో మాటలు ఇట్లా సాగుతాయి:

"అక్కా, ఎల్లుండి మా మరిది పెళ్ళి. ఎట్లన్నా చేసి కుట్టియ్యాల."

"ఇదిగో చూడమ్మా, ఎల్లుండి దాకా గళ్ళు నిండిపొయినాయి. ఆదివారం పొద్దున పదికి ఇస్తా, తప్పదు."

"ఆదివారమంటే పెళ్ళైపోతాది కదక్కా!"

"అయితే నీకు వేరే చోటే మేలు తల్లీ. వీధి చివర ఇంకో కొట్టుంది, అడిగి చూడు."

కళ్ళతో పేజీ చూసిన మనిషి బతిమాలడం తగ్గిస్తుంది. కొందరు వెళ్ళిపోతారు, నిజమే. చెప్పిన రోజుకి చీటీ కట్టి సంచి సిద్ధంగా ఉంటుందని తెలిసినాక వాళ్ళలో చాలామంది తిరిగొస్తారు, వాళ్ళ వదినల్ని కూడా తీసుకొస్తారు. వారానికి రెండు గళ్ళు మాత్రం ఖాళీగా ఉంచుకోండి. అర్జంటు పని ఆ రెండింట్లోనే, దానికి వేరే రేటు, ఆ రేటు గోడమీద అందరికీ కనబడేట్టు రాసి ఉండాలి. అడిగినవాళ్ళ ముఖం చూసి రేటు మార్చడం మొదలుపెడితే మనకే నిద్ర పట్టదు. ఎవరైనా నిజంగా కష్టంలో ఉంటే ఆ గడి మామూలు రేటుకే ఇస్తాను. అది నా ఇష్టం, దానికి రూలు లేదు.

కత్తెర ఎప్పుడు పట్టాలి

మోటివేషన్ వీడియోలు చూసి మనసు గట్టి చేసుకోవాలని చాలామంది ప్రయత్నిస్తారు. నా మటుకు మనసు ఎట్లా ఉందో దానికి తగిన పని చేతికివ్వడమే పనిచేసింది. ప్రతి వ్యాపారంలోనూ వెనక్కి తీసుకోలేని పని ఒకటుంటుంది. మాకది కటింగ్. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, పట్టుచీరలోంచి తీసిన జాకెట్టు ముక్క అరంగుళం లోపలికి తెగితే దాన్ని అతికించేవాళ్ళు లేరు.

అందుకని మా కొట్టులో కటింగ్ అంతా పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండు లోపలే. పిల్లలు స్కూలుకి పోయుంటారు, వంటైపోయుంటుంది, ఎండ ఇంకా తలకెక్కదు. ఆది జాకెట్టు, అంటే కొలతకి ఇచ్చిన పాత జాకెట్టు, టేబుల్ మీద పరిచి, ముడతలు చేత్తో సాపు చేసి, భుజం దగ్గర్నుంచి చాక్‌పీసుతో గీస్తూ వస్తాను. చంక గుండ్రం దగ్గర ఆగి టేపుతో మళ్ళీ కొలుస్తాను, ఆది జాకెట్టు వాడివాడి సాగి ఉంటుంది కాబట్టి. ఆ వేళలో ఫోన్ మా అమ్మాయిల దగ్గర ఉంటుంది. స్కూల్ నుంచి వస్తేనే నాకిస్తారు.

మధ్యాహ్నం మిషన్ కుట్టు. సాయంత్రం పిల్లలొచ్చాక హుక్కులు, హెమ్మింగు, చీర కుచ్చులు, ఫాల్ కుట్టడం. ఈ పనులకి చేతులు చాలు, చెవులు ఖాళీగా ఉంటాయి. నా కొడుకు స్కూల్లో జరిగిందంతా చెప్పేది నేను హుక్కులు కుట్టేటప్పుడే. ఎదురుగా కూర్చోబెట్టి "ఏం జరిగింది నాయనా" అని అడిగితే "ఏం లేదు" అంటాడు. నా చేతిలో సూది ఉండి, కళ్ళు గుడ్డ మీద ఉంటే వాడికి మాటలొస్తాయి. మగపిల్లలున్న తల్లులు ఇది చేసి చూడండి.

ఇంట్లో మాటామాటా అనుకుని వచ్చిన రోజు కత్తెర పట్టొద్దు. ఏడుపొచ్చేటట్టున్న రోజు అసలు పట్టొద్దు. బాబిన్లు నింపండి, దారాలు రంగుల వారీగా సర్దండి, మిషన్‌కి నూనె వెయ్యండి, పికో పని ఉంటే చేసుకోండి. అరగంటలో చెయ్యి కుదుటపడుతుంది, చేతి వెంబడే మనసూ వస్తుంది. రాకపోతే కటింగ్ రేపటికి. గళ్ళు తక్కువ గీసుకున్నది ఇట్లాంటి రోజు కోసమే. టిఫిన్ సెంటర్ వాళ్ళకి అయితే సరుకుల బేరం, మనిషిని పనిలోంచి తీసెయ్యడం, అప్పు పత్రం మీద సంతకం, ఇవన్నీ కత్తెర పనులు. మనసు బాగలేని రోజు చెయ్యకూడదు.

పంచాంగం చూసి ప్లాను

ఉగాదికి టీటీడీ పంచాంగమో, ఇంకేదో కొంటారు కదా. రాశిఫలాలు చదివాక పక్కన పెట్టెయ్యకండి. పెన్సిల్ తీసుకుని ముహూర్తాలున్న నెలలు గుర్తు పెట్టండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం మాకు ఊపిరాడదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. మూఢం వస్తే మంచి నెల కూడా పడిపోతుంది. అధిక మాసం సంగతి మరీ ముఖ్యం. 2023లో శ్రావణం అధికమైంది, 2026లో జ్యేష్ఠం. అధికమాసం మొత్తం పెళ్ళిళ్ళుండవు. ఇవన్నీ ముందే తెలిస్తే, గిరాకీ తగ్గినప్పుడు "నా చెయ్యి బాగలేదేమో, జనం నన్ను మర్చిపోయారేమో" అనే బాధ పట్టదు. ఆకాశంలో గురుడో శుక్రుడో కనబడకపోతే దానికి మనమేం చేస్తాం.

తిరుపతిలో ఇంకో క్యాలెండరుంది, కొండది. బ్రహ్మోత్సవాలు దసరా సెలవులప్పుడే వస్తాయి, అధికమాసం వచ్చిన ఏడు రెండుసార్లు జరుగుతాయి. పిల్లలు ఇంట్లో ఉంటారు, మా ఆయన మాత్రం కారులోంచి దిగరు. గరుడ సేవ నాడైతే ఆయన ఎప్పుడొస్తారో చెప్పలేం. వైకుంఠ ఏకాదశికీ, ఎండాకాలం సెలవులకీ అంతే. మీ ఇంట్లో కూడా ఒకరి సీజన్ ఇంకొకరికి గండంగా ఉంటుంది. ఆ రోజుల్ని ఇద్దరూ ఒకచోట కూర్చుని పుస్తకంలో వేసుకోండి. కోపాలు చాలావరకు ముందే పోతాయి. ఆ దసరా వారం నా గళ్ళు సగానికి తగ్గిస్తాను.

మే నెలలో గంగమ్మ జాతర. మొక్కున్న మగవాళ్ళు చీర కట్టి ఆడవేషం వేస్తారు, వాళ్ళకి ఆది జాకెట్టు ఉండదు. టేపుతో వీపు వెడల్పు, భుజం, చేతి లావు తీసుకుని కుట్టాలి, అందుకని దానికి రెండు గళ్ళు పెట్టుకుంటాను. జాతర రోజు మాత్రం కొట్టు తెరవను. పిల్లలతో పోయి అమ్మవారికి పొంగలి పెట్టుకుంటాం. ఆ రోజు వచ్చే లాభం వదులుకోగలనని నాకు నేను చూపించుకోవడం మనసుకి బలం.

ఆషాఢంలో మిషన్లు సర్వీసుకిచ్చి, కొత్త మెడల శాంపిళ్ళు కుట్టి, ఒక ఆదివారం పిల్లల్ని తలకోనకో కైలాసకోనకో తీసుకుపొండి. ఖాళీ నెలని ఖాళీగా వదిలితే దిగులు పెరుగుతుంది.

దుడ్ల భయం

ఇది క్లుప్తంగా చెబుతాను. గల్లా పెట్టెలోంచి కూరగాయలకి తియ్యడం మానేసి, ఒకటో తేదీన మీకు మీరు జీతం ఇచ్చుకోండి. కొట్టు క్యూఆర్ కోడ్ ఒక ఖాతాకి, ఇల్లు ఇంకో ఖాతాకి ఉండాలి. ముహూర్తాల నెలల్లో వచ్చినదాంట్లో కొంత ఆషాఢానికి పక్కన పెట్టండి. సాయంత్రం పిల్లల ముందు గుమ్మంలో నిలబడే డైలీ కలెక్షన్ ఫైనాన్సు జోలికి పోవద్దు. బ్యాంకులో ముద్ర శిశు లోను 50,000 రూపాయల వరకు ఏ తాకట్టూ లేకుండా ఇస్తారు. మనకేమైనా అయితే పిల్లలేం కావాలనే భయానికి బ్యాంకులోనే రెండు పథకాలున్నాయి. సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు. జీవన్ జ్యోతి 436 రూపాయలు, కారణం ఏదైనా 2 లక్షలు, చేరడానికి వయసు 18 నుంచి 50. రెండూ జూన్ ఒకటి నుంచి మే ఆఖరు దాకా లెక్క, కాబట్టి మే నెలలో ఖాతాలో ఆ డబ్బు ఉండేట్టు చూసుకోండి.

ఇంట్లోవాళ్ళ చెయ్యి

మా అత్తమ్మ హుక్కులు, కాజాలు నాకంటే పొందిగ్గా కుడతారు. నెలాఖరుకి లెక్కగట్టి ఆమె చేతికి డబ్బు ఇస్తాను. "ఇంట్లో దానికి లెక్కేందిమే" అని మొదట్లో తీసుకోలేదు. ఇప్పుడు ఆ డబ్బుతో మనవరాలికి గాజులు కొంటారు, తిరుచానూరు పంచమీ తీర్థానికి పోయొస్తారు. ఇంట్లో మనుషుల చేత ఊరికే పని చేయించుకుంటే ఏదో ఒకరోజు అది మాటై బయటికొస్తుంది. కూలి ఇవ్వండి, తక్కువైనా సరే.

ఆదివారం కొట్టు మూయడం మాలాంటివాళ్ళకి కష్టం, ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు వచ్చేది ఆ రోజే. పిల్లలకి సెలవు కూడా ఆ రోజే. ఒంటిగంటకి షట్టర్ దించేస్తాను, సాయంత్రం తెరవను. మంగళవారం కొత్త గుడ్డ ఇచ్చేవాళ్ళు తక్కువ కాబట్టి ఆ రోజు పూర్తి సెలవు పెట్టి ఇంటి పనులు, బ్యాంకు, ఆసుపత్రి చూసుకుంటాను. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత వాట్సాప్‌లో మెడ డిజైన్లు పంపేవాళ్ళకి జవాబు దానంతటదే వెళ్ళేట్టు వాట్సాప్ బిజినెస్‌లో పెట్టుకోవచ్చు: "రేపు పదికి మాట్లాడతానమ్మా" అని ఒక్క ముక్క.

ఇప్పటికే పీకలదాకా ఉంటే

ఇది చదివేవాళ్ళలో కొందరికి ఇప్పటికే ఇచ్చిన మాటలు కుప్పపడి ఉంటాయి. గళ్ళ పుస్తకం రేపటి నుంచి అని ఆగొద్దు. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక సంచులన్నీ నేల మీద పరవండి. తేదీ దాటినవి ఒకవైపు, ఈ వారానివి ఒకవైపు, మిగతావి గోడ దగ్గర. దాటినవాటిలో పెళ్ళికో సీమంతానికో సంబంధం ఉన్నవి ముందు. పొద్దున పదింటికి వాళ్ళు ఫోన్ చేసేలోపే మీరే చెయ్యండి. కారణాలు చెప్పొద్దు, కరెంటు మీద నెట్టొద్దు. "మీ జాకెట్టు గురువారం సాయంత్రం ఐదుకి ఇస్తానమ్మా, అది కుదరకపోతే గుడ్డ ఇప్పుడే వచ్చి తీసుకెళ్ళండి" అనండి. ఎవరైనా కోప్పడితే కోప్పడనివ్వండి. ఫోన్ పెట్టేశాక ఆ తేదీని సంచి చీటీ మీద ఒకసారి, పుస్తకంలో గడిలో ఒకసారి రాసి, తర్వాత నంబరుకి చెయ్యండి.