త్రీనాట్‌త్రీ వేట రైఫిల్‌కు పోయిన మ్యాగజైన్‌ను అమర్చుకునే విధానం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత మిగులుగా తేలిన బ్రిటిష్ సైనిక లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళు అమెరికా, కెనడా దేశాలలో చాలా చవకగా అమ్ముడుపోయాయి. కొన్నవారిలో అనేకులు ముందు భాగపు కర్రను కోసివేసి, బరువు తగ్గించి, వాటిని జింకల వేటకు అనువుగా మార్చుకున్నారు. మన ఊళ్ళలో ఒకప్పుడు కానిస్టేబుళ్ళ భుజాన కనిపించిన త్రీనాట్‌త్రీ కూడా ఈ కుటుంబానిదే. ఇలా మార్చిన రైఫిళ్ళు పాత తుపాకుల దుకాణాలలో ఇప్పటికీ దొరుకుతాయి, అయితే కొన్నిటికి మ్యాగజైన్, అంటే తూటాలు నింపే పెట్టె, ఉండదు. అది ఊడదీయడానికి వీలైన భాగం కనుక చేతులు మారే క్రమంలో ఎక్కడో పోతుంది, దానితోపాటు ధర కూడా తగ్గుతుంది.

ఇక్కడ చెప్పే పద్ధతి అమెరికాలో చట్టబద్ధంగా రైఫిల్ కలిగి ఉన్నవారికి ఉద్దేశించినది. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం లైసెన్సు లేనివారు తుపాకులను మరమ్మతు చేయడాన్ని అనుమతించదు కాబట్టి అక్కడ ఆ పని లైసెన్సు ఉన్న డీలరుకే అప్పగించాలి. అమెరికాలో కూడా మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలు పట్టవచ్చు, వేటకు వెళ్ళినప్పుడు ఎన్ని నింపవచ్చు అనే నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి కనుక, కొనే ముందే మీ రాష్ట్ర నియమాలను చూసుకోవాలి.

మొదట రైఫిల్ ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకోండి. బోల్ట్‌ను (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీని) వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి (పేలే ముందు తూటా కూర్చునే చోటులోకి) కంటితో చూసి, వేలితో కూడా తడిమి, తూటాలన్నిటినీ వేరే గదిలో పెట్టిన తరువాతే పని మొదలుపెట్టాలి. తరువాత అది ఏ నమూనాయో తేల్చుకోవాలి. వెనుక సైటు (గురిచూసే అమరిక) గొట్టం మీద ఉండి, రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు గూడు) ఎడమవైపు గోడ గుండ్రంగా ఉంటే అది పాత నంబర్ 1 నమూనా. వెనుక సైటు కంటికి దగ్గరగా రిసీవర్ మీదే ఉండి, ఎడమ గోడ చదునుగా ఉంటే అది నంబర్ 4. వేటకు మార్చినవారు సైట్లను తీసివేసి ఉండవచ్చు కాబట్టి గోడ ఆకారాన్నే ఎక్కువగా నమ్మడం మంచిది. నంబర్ 1 మ్యాగజైన్ నంబర్ 4కు సరిపోదు. బెంగాల్‌లోని ఇషాపూర్‌లో 1960లలో 7.62 మిల్లీమీటర్ల తూటాకు తయారుచేసిన 2ఏ రకం రైఫిల్ మ్యాగజైన్ మరింత చతురస్రాకారంగా ఉండి రెండింటికీ పనికిరాదు. అమ్మకపు ప్రకటనలలో ఈ మూడింటినీ కలిపి ‘ఎన్‌ఫీల్డ్ మ్యాగజైన్’ అని రాస్తుంటారు కనుక ఫోటో చూడకుండా డబ్బు పంపకూడదు. ఇకమీదట చెప్పేదంతా నంబర్ 4 గురించే.

మ్యాగజైన్ మీద ఖర్చు పెట్టే ముందు బోల్ట్‌ను చూడాలి. బోల్ట్ పిడి మొదలు వెనుకవైపు చెక్కిన సంఖ్య, రిసీవర్ కింద ఎడమవైపు ఉన్న సంఖ్య ఒకటే కావాలి. అవి వేరైతే బోల్ట్ కూడా ఎప్పుడో మారిందన్నమాట. ఈ తూటాకు అడుగున రిమ్, అంటే బయటికి పొడుచుకొచ్చిన అంచు, ఉంటుంది, ఆ రిమ్ కూర్చునే చోటి కొలతనే హెడ్‌స్పేస్ అంటారు. సైన్యం పాటించిన హద్దులు 0.064 నుంచి 0.074 అంగుళాల వరకు. నంబర్ 4లో ఈ కొలతను సరిచేయడానికే బోల్ట్ హెడ్‌లను (బోల్ట్ ముందు కొనకు బిగించే ముక్కలను) 0 నుంచి 3 వరకు నాలుగు పరిమాణాలలో తయారుచేశారు. సంఖ్యలు కలవని రైఫిల్‌ను గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) దగ్గర గేజ్‌లతో కొలిపించకుండా పేల్చకూడదు. ఆ పరీక్షలో విఫలమైన తుపాకీకి మ్యాగజైన్ వెతకడం నా దృష్టిలో వృథా ప్రయాస.

పాత సైనిక మ్యాగజైన్‌లో పది తూటాలు పడతాయి. వేట రైఫిళ్ళ కోసం ఐదు తూటాలు పట్టే పొట్టివి కూడా తయారయ్యాయి, ఇవి భుజాన వేసుకున్నప్పుడు అడ్డురావు. కొత్తగా చేసిన నకళ్ళకంటే సొట్టలు లేని పాత సైనిక మ్యాగజైన్‌నే నేను ఎంచుకుంటాను, ఎందుకంటే దాని రేకు, స్ప్రింగు నాణ్యత ముందే రుజువైంది. చేతికి వచ్చాక లోపలి పలక వెనుక భాగాన్ని కిందికి నొక్కితే దాని ముందు భాగం పైకి లేచి అంచుల కిందినుంచి బయటికి వస్తుంది. స్ప్రింగును కిరోసిన్‌తో కడిగి, తుడిచి, పలచగా నూనె రాసి మళ్ళీ పెట్టండి. తూటాలను పట్టి ఉంచే పై అంచులు వంగాయా, చిట్లాయా అన్నది వెలుతురులో జాగ్రత్తగా చూడాలి.

అమర్చేటప్పుడు ముందు భాగాన్ని మొదట లోపలికి పోనిచ్చి, తరువాత వెనుక భాగాన్ని పైకి నెట్టాలి. ట్రిగ్గర్ ముందున్న మీట ‘టక్’మని పట్టుకోవాలి. అలా పట్టుకోకపోతే వెంటనే ఆకురాయి అందుకోకండి. సైన్యంలో మ్యాగజైన్‌ను తరచూ మార్చేవారు కారు, ఐదేసి తూటాల క్లిప్పులతో పైనుంచే నింపేవారు, అందువల్ల ప్రతి మ్యాగజైన్‌ను దాని రైఫిల్‌కే తగినట్టు సరిచేసి ఇచ్చేవారు. వేరే రైఫిల్ నుంచి వచ్చినది మొదటి ప్రయత్నంలోనే కూర్చోకపోవడం మామూలే. మ్యాగజైన్ పక్కలకు మార్కర్ పెన్నుతో రంగు పూసి, లోపలికి నెట్టి, బయటికి తీసి, రంగు ఎక్కడ చెరిగిందో చూడండి. వేటకు మార్చిన రైఫిళ్ళలో కర్ర ఉబ్బడమో, ట్రిగ్గర్ గార్డ్ కొద్దిగా వంగడమో కారణంగా తేలడం ఎక్కువ. కర్ర రాసుకుంటే ఆ చోటును సన్నని గరుకు కాగితంతో కొద్దికొద్దిగా తగ్గించాలి. ట్రిగ్గర్ గార్డ్ స్క్రూ విప్పవలసి వస్తే దానికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌నే వాడాలి. ఆ మరలు బ్రిటిష్ కొలతలవి కాబట్టి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే స్క్రూ వాటి స్థానంలో పనికిరాదు.

కర్ర, గార్డ్ అడ్డు కాదని తేలితే, అప్పుడు మ్యాగజైన్ వీపున మీట పట్టుకునే చిన్న గట్టును చూడాలి. దాని అడుగు భాగాన్ని సన్నని ఆకురాయితో ఒకటి రెండు సార్లు రాసి, మళ్ళీ పెట్టి చూడాలి. ఇక్కడ తొందరపడితే నష్టమే, ఎందుకంటే ఆ గట్టును ఎంత అరగదీస్తే మ్యాగజైన్ అంత కిందికి దిగుతుంది, దిగిన మ్యాగజైన్‌లోని తూటా రిమ్ బోల్ట్‌కు అందదు. మీటను మాత్రం ముట్టుకోకూడదు. దాన్ని నెట్టే స్ప్రింగే ట్రిగ్గర్ యంత్రాంగంలోని సియర్‌ను (ట్రిగ్గర్ నొక్కేదాకా తుపాకీ పేలకుండా ఆపే కొక్కేన్ని) కూడా నెడుతుంది. అక్కడ మార్పు చేస్తే రైఫిల్ తనంతట తానే పేలే ప్రమాదం ఏర్పడుతుంది.

మ్యాగజైన్ గట్టిగా కూర్చున్న తరువాత మందు లేని డమ్మీ తూటాలతో పరీక్షించాలి. నిజమైన తూటాలతో ఇంట్లో ఈ పరీక్ష చేయడం ఎంతమాత్రం తగదు. పైనున్న తూటా రిమ్ దాని కిందిదాని రిమ్‌కు ముందు ఉండేలా పేర్చాలి, లేకపోతే రిమ్‌లు ఒకదానికొకటి చిక్కుకుని బోల్ట్ ఆగిపోతుంది. మ్యాగజైన్ మీద మోపే నిందలో సగం నిజానికి ఈ పేర్పుదే. మొదట రెండు, తరువాత ఐదు, ఆపైన పూర్తిగా నింపి, బోల్ట్‌ను నెమ్మదిగా కొన్నిసార్లు, వేట వేగంతో కొన్నిసార్లు ఆడించండి.

బోల్ట్ తూటా మీదుగా జారిపోతే మ్యాగజైన్ కిందికి ఉన్నదని లేదా స్ప్రింగు నీరసించిందని అర్థం. తూటా ముక్కు కిందికి వాలి ఛాంబర్ గుమ్మం దగ్గర గుద్దుకుంటే ముందరి అంచులు దాన్ని మరీ కిందికి అదుముతున్నాయి. తూటా ముందుగానే విడిపోయి పైకి ఎగిరితే వెనుక అంచులు విచ్చుకున్నాయి. అంచులను వంచడం చివరి ప్రయత్నంగానే ఉండాలి. పటకారు దవడలకు తోలు చుట్టి, వెంట్రుకవాసి వంచి, ప్రతిసారీ డమ్మీలతో చూసి, అవసరమైతేనే మళ్ళీ వంచాలి. పాత రేకును ముందుకూ వెనక్కూ పదేపదే వంచితే అది విరుగుతుంది.

డమ్మీలు వరుసగా తడబడకుండా వెళ్ళిన తరువాత షూటింగ్ రేంజ్‌లో, కంటికి అద్దాలు, చెవులకు రక్షణ పెట్టుకుని, మొదట ఒక్క తూటాను, తరువాత మ్యాగజైన్‌లో రెండేసి నింపి పేల్చి చూడాలి. ఖాళీ తొడుగుల మీద పగుళ్ళు గాని, రిమ్‌కు కొంచెం పైన మెరిసే వలయం గాని కనిపిస్తే అక్కడితో ఆపి, రైఫిల్‌ను గన్‌స్మిత్‌కు చూపించాలి. అన్నీ సవ్యంగా ఉంటే రైఫిల్ సంఖ్యలోని చివరి అంకెలను మ్యాగజైన్ మీద రంగుతో రాసి ఉంచండి. ఇంట్లో రెండో త్రీనాట్‌త్రీ చేరిన రోజున ఏది దేనికి సరిచేసినదో ఆ అంకెలే చెబుతాయి.