ఇంకో బిడ్డ కావాలా వద్దా, ఇంట్లో ఎలా మాట్లాడుకోవాలి

నాకు నలుగురు పిల్లలు. గుంటూరులో ఉంటాం, ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్ వాళ్లం, నలుగురినీ కోరుకునే కన్నాం. మా చెల్లి విజయవాడలో ఉంటుంది, ఒక్క పాపతో ఆపేసింది. ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకి కలిసి కొండ ఎక్కుతాం, దారిలో తెలిసినవాళ్లు ఎదురైతే నన్ను "ఇంకా ఎంతమందమ్మా" అంటారు, దాన్ని "ఇంకోళ్లు ఎప్పుడమ్మా" అంటారు. అందుకే ఎక్కువ కనండి, తక్కువ కనండి అని నేను చెప్పను. ఆ లెక్క మీ ఇద్దరిదీ అవ్వాలంటే ఏం చెయ్యాలో మాత్రం చెప్తాను.

ముందు ఇల్లు దాటి బయటికి వెళ్లండి. అత్తయ్య పక్క గదిలో ఉండగా ఈ మాట తెగదు. మూడో బిడ్డ గురించి మేం మాట్లాడుకుంది ఉండవల్లి దగ్గర కృష్ణ ఒడ్డున, బండి ఆపుకుని. ఇద్దరూ విడివిడిగా చీటీ మీద ఒక అంకె రాయండి, తర్వాత మార్చుకోండి. మా ఆయన రెండు అని రాశాడు, నేను నాలుగు అని రాశాను, ఆ రోజు ఏమీ తేలలేదు, ఏడాదిన్నర పట్టింది. ఫర్వాలేదు, పట్టనివ్వండి. అంకె కన్నా ఎందుకు అన్నది ముఖ్యం. ఆయన భయం డబ్బు కాదని, రెండో కాన్పులో నా రక్తం తగ్గిపోయి పడిన టెన్షన్ అని నాకు అప్పుడే తెలిసింది.

"దేవుడు ఇస్తుంటే వద్దంటామా" అన్న మాట దగ్గర చాలా ఇళ్లలో చర్చ ఆగిపోతుంది. నేను దేవుణ్ణి నమ్మేదాన్నే, పిల్లలు ఆయన ఇచ్చే బహుమానమని కీర్తనల్లో ఉన్న మాట మా ఇంటి గోడ మీద ఉంది. కానీ మీ మతం నిజంగా ఏం చెప్పిందో ఒకసారి వెళ్లి అడగండి, ఇంట్లో చెప్పేదానికీ దానికీ చాలా తేడా ఉంటుంది. మా క్యాథలిక్ చర్చి 1968లో పోపు ఆరవ పౌలు పత్రంతో మాత్రలు, కాపర్-టీ, ఆపరేషన్ లాంటివి వద్దంది, నిజమే. అదే పత్రం, సరైన కారణం ఉంటే దంపతులు ఇంకో బిడ్డను వాయిదా వేసుకోవచ్చనీ, అసలు వద్దనుకోవచ్చనీ, దానికి సహజ పద్ధతి, అంటే కడుపు వచ్చే రోజుల్లో దూరంగా ఉండటం, పాటించవచ్చనీ చెప్పింది. 2015లో మనీలా నుంచి తిరిగి వెళ్తూ పోపు ఫ్రాన్సిస్, మంచి క్యాథలిక్కులంటే కుందేళ్లలా కనక్కర్లేదన్నారు. ఇవన్నీ నాకు పెళ్లయిన ఏడేళ్లకి ఫాదర్ గారిని అడిగితే తెలిశాయి, ముందే అడగాల్సింది. లూథరన్, సీఎస్ఐ లాంటి ప్రొటెస్టెంట్ సంఘాల్లో దీన్ని ఎక్కువగా దంపతుల మనస్సాక్షికే వదిలేస్తారు. పాత గుంటూరులో ఉండే నా ముస్లిం స్నేహితురాలు వాళ్ల మత గురువు హజ్రత్‌ని అడిగింది. ప్రవక్త కాలంలోనే సహచరులు 'అజ్ల్' (వీర్యం లోపల పడకుండా ముందే ఆపుకోవడం) పాటించినట్టు హదీసుల్లో ఉంది కాబట్టి ఇద్దరూ ఒప్పుకుంటే తాత్కాలిక పద్ధతులు వాడుకోవచ్చనీ, ఆరోగ్య కారణం లేకుండా శాశ్వత ఆపరేషన్‌ని మాత్రం ఎక్కువమంది పండితులు ఒప్పుకోరనీ ఆయన చెప్పారట. హిందూ పెళ్లిలో పదిమంది కొడుకులు కలగాలనే మంత్రం రుగ్వేదంలోది, అది దీవెన, ఆజ్ఞ కాదు.

మగపిల్లాడి కోసం ఇంకో కాన్పు అనే మాటని మాత్రం మతం ఖాతాలో వెయ్యకండి. అది వంశం పిచ్చి. కడుపులో ఉన్నది ఎవరో చూడటం 1994 చట్టం ప్రకారం నేరం.

ప్రభుత్వం మాట మీద కూడా ఆధారపడకండి. మా అమ్మ రోజుల్లో గోడల మీద ఎర్ర త్రికోణం వేసి చాలు చాలు అన్నారు. 1994 నుంచి ఇద్దరు దాటితే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్నారు, 2024లో ఆ నిబంధన తీసేశారు, ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు, ఎందుకంటే 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో సగటున ఒక స్త్రీకి 1.7 మంది పిల్లలే. నిజమే కావచ్చు. కానీ రాత్రి రెండింటికి బిడ్డ ఏడిస్తే లేవాల్సింది మీరే.

తర్వాత డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరూ వెళ్లండి. కాన్పుకీ మళ్లీ నెల తప్పడానికీ మధ్య కనీసం రెండేళ్లు ఉండాలి. హిమోగ్లోబిన్ ఎంతుందో చూపించుకోండి. సిజేరియన్లు అయినవాళ్లు మరీ అడగాలి, ప్రతి సిజేరియన్‌తో తర్వాతి కడుపులో మాయ పాత కుట్టు దగ్గర అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. పెద్ద కుటుంబం కావాలనుకునేవాళ్లకి ఇది అందరికన్నా ముఖ్యం, మొదటి కాన్పుకే డాక్టర్‌కి ఆ మాట చెప్పాలి. బాలింతగా ఉన్నప్పుడు పెద్దపిల్లల్ని బడికి ఎవరు దింపుతారు, వంట ఎవరు చేస్తారు, పేర్లతో సహా రాసుకోండి. "అందరం ఉన్నాంగా" అన్నవాళ్లు మూడో నెలకి కనపడరు.

పెద్దవాళ్లకి చెప్పేటప్పుడు ఎవరి అమ్మానాన్నలకి వాళ్లే చెప్పాలి. మా అత్తయ్యకి మా ఆయనే చెప్పాడు, "అమ్మా, మేం మాట్లాడుకున్నాం, ఇంతకన్నా అడగొద్దు" అని. ఆమె నెల రోజులు ముభావంగా ఉంది, తర్వాత మామూలైపోయింది.

సహజ పద్ధతి ఎంచుకుంటే తేదీలు లెక్కపెట్టడంతో సరిపోదు, స్రావం, ఒంటి వేడి గమనించడం నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకోవాలి, భర్త సహకారం లేకపోతే అది అసలు నడవదు. వేరేవి కావాలంటే ప్రభుత్వ ఆసుపత్రిలో మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు, కాపర్-టీ ఉచితంగా ఇస్తారు. మా చెల్లి కాపర్-టీ వేయించుకుంది, చర్చిలో పూజకీ వస్తుంది, దాని మనస్సాక్షి సంగతి నేను అడగలేదు. ఆపరేషనే అనుకుంటే మగవాళ్ల వేసెక్టమీ ఆడవాళ్ల దానికన్నా చిన్నది, అయితే 3 నెలలు ఇంకో జాగ్రత్త వాడి, వీర్య పరీక్ష చేయించుకున్నాకే నమ్మాలి.

ఇంకొకటి. నా రెండో కాన్పులో, నొప్పుల మీద ఉండగా, ఒక ఆసుపత్రిలో "ఇద్దరయ్యారుగా, ఆపరేషన్ కూడా చేసేద్దామా" అని అడిగారు. వద్దని చెప్పడానికి నా దగ్గర ఓపిక లేదు, మా ఆయన చెప్పాడు. అందుకని ఎనిమిదో నెలలోనే కావాలో వద్దో తేల్చుకుని డాక్టర్‌కి చెప్పి ఫైల్లో రాయించండి. ఆపరేషన్ ఒప్పుకోలు ఫారం మీద సంతకం, ఆపరేషన్ చేయించుకునే మనిషిదే ఉండాలి, భర్త సంతకం తప్పనిసరి కాదు. చదవకుండా ఏ కాగితం మీదా పెట్టకండి.