సర్వర్ డిస్కులకు తాళం, 5వ పాఠం: తీసేసిన పాస్‌వర్డు ఎక్కడికి పోతుంది?

పోయిన పాఠం తర్వాత వచ్చిన ఉత్తరాలన్నిటిదీ ఒకటే గోడు: లక్స్‌లో (లినక్స్‌లో డిస్కు మొత్తానికి తాళం వేసే పద్ధతి) స్లాట్, అంటే ఒక పాస్‌వర్డుకు కేటాయించిన చోటు, తీసేశాక డిస్కు తెరుచుకోవడం లేదని. తప్పులో సగం నాది. ప్రశ్నలు అడగకుండా పని కానిచ్చే హైఫన్ క్యూ (-q) అనే గుర్తు నాకు చేతి అలవాటు, ఉదాహరణలోనూ అదే రాసేశాను. అది తగిలిస్తే స్లాటు తీసేసే ఆదేశం లక్స్‌కిల్‌స్లాట్ ఇంకో పాస్‌వర్డు అడగదు, ఇదే ఆఖరి స్లాటు అని కూడా చెప్పదు.

రాజాం నుంచి రాసినాయన సర్వర్‌ను ఇంకా ఆపలేదట. ఆపకండి! డిస్కు తెరిచి ఉన్నంతసేపూ అసలు తాళంచెవి సిస్టమ్ గుండెకాయైన కెర్నెల్ దగ్గరే ఉంటుంది. ఈలోగా డేటా అంతా వేరే డిస్కులోకి తీసుకోండి. రీబూట్ చేసేసినవారికి హెడర్ (స్లాట్లన్నీ ఉండే డిస్కు మొదటి భాగం) నకలు ఒక్కటే దిక్కు.

ఇకపై ముందు లక్స్‌యాడ్‌కీతో కొత్త పాస్‌వర్డు చేర్చడం, తర్వాత డిస్కు తెరిచే ఓపెన్ ఆదేశానికి టెస్ట్ పాస్‌ఫ్రేజ్ తగిలించి కొత్త పాస్‌వర్డుకు పరీక్ష, అది నెగ్గాకే పాతది తీయడం.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. స్లాటు తీసేశాం, పాత పాస్‌వర్డు చచ్చిందని అందరూ నిశ్చింతగా ఉంటారు. ఇనప్పెట్టెకు ఒకటే తాళంచెవి. దాని నకళ్లు చిన్న డబ్బాల్లో ఉంటాయి, ఒక్కో డబ్బాకు ఒక్కో పాస్‌వర్డు. ఆ డబ్బాలే స్లాట్లు. లక్స్ మొదటి రకంలో 8, రెండో రకంలో 32 దాకా పెట్టుకోవచ్చు. డబ్బా పారేస్తే ఇనప్పెట్టె తాళం మారుతుందా? నిరుడు తీసిన హెడర్ నకలులో ఆ డబ్బా చెక్కుచెదరకుండా ఉంది. మానేసి వెళ్లిన ఉద్యోగికి పాస్‌వర్డు గుర్తుండి, ఆ నకలూ డిస్కూ చేతికి చిక్కితే చాలు. ఆ నకలున్న పెన్‌డ్రైవ్‌కు చీటీ అంటించి మరీ సొరుగులో పడేసిన ఆఫీసును విజయనగరంలోనే చూశాను. స్లాటు మార్చిన ప్రతిసారీ కొత్త నకలు తీసి, పాతదాన్ని నాశనం చేయండి. అది ఎవరి చేతిలోనైనా పడిందన్న అనుమానముంటే రీఎన్‌క్రిప్ట్ (డేటా అంతటినీ కొత్త తాళంచెవితో మళ్లీ రాయడం) తప్పదు. అసలు తాళంచెవిని మార్చేది అదొక్కటే. పెద్ద డిస్కుకు గంటలు పడుతుంది, డేటా నకలు లేకుండా మొదలుపెట్టకండి.

క్యాష్ గురించి క్లుప్తంగా. నెమ్మది డిస్కుకు వేగమైన ఎస్‌ఎస్‌డీని తోడిచ్చే ఎల్‌వీఎమ్ క్యాష్ ముందు, దాని మీద లక్స్. తిరగేస్తే ఎస్‌ఎస్‌డీలో డేటా తాళం లేకుండా పడి ఉంటుంది. రాసేది ముందు ఎస్‌ఎస్‌డీకే వెళ్లే రైట్‌బ్యాక్ పద్ధతి వేగమైనదే, కానీ డిస్కుకు ఇంకా చేరని డేటా ఎస్‌ఎస్‌డీలోనే ఉంటుంది, కరెంటు పోయి అది చెడితే ఆ డేటా గోవిందా. నేను రెండింటిలోనూ ఒకేసారి రాసే రైట్‌త్రూ దాటను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు ఎన్నాళ్లు లేదో శ్రీకాకుళం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

అభ్యాసం: 64 ఎంబీ ఫైలు సృష్టించి లక్స్ వేయండి. రెండో పాస్‌వర్డు చేర్చి, హెడర్ నకలు తీసి, మొదటి స్లాటు తీసేయండి. ఇప్పుడు నకలును తిరిగి ఎక్కించి పాత పాస్‌వర్డు కొట్టండి. తెరుచుకుంటుంది. తర్వాత రీఎన్‌క్రిప్ట్ చేసి, అదే పాత నకలును మళ్లీ ఎక్కించండి. తాళం తెరుచుకున్నట్టే ఉంటుంది, లోపలి డేటా మాత్రం చెత్తగా కనిపిస్తుంది. ఎందుకో మీ మాటల్లో రాసి పంపినవారికే 6వ పాఠం.