కొత్తవాళ్లు మీ ప్రాజెక్టు గుమ్మం దగ్గరే ఆగిపోకూడదంటే

ముందు ఒక పని చేయండి. మీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు (ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగలిగేది) గురించి ఏమీ తెలియని ఫ్రెండ్‌కి లింకు ఇచ్చి, పక్కనే కూర్చుని, నోరు మెదపకుండా, రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ ఫైలు) చదివి కోడ్ రన్ చేసేదాకా గమనించండి. ఎక్కడ తల గోక్కుంటే అక్కడ రాసుకోండి. మీరు సరిచేయాల్సిన చిట్టా అదే. (నోరు మెదపకుండా ఉండటమే కష్టం.)

తర్వాత కంట్రిబ్యూటింగ్ ఫైలు, అంటే ప్రాజెక్టులో ఎలా పాలుపంచుకోవాలో చెప్పేది. అది ఉంటే ఇష్యూ (సమస్య లేదా చేయాల్సిన పని రాసే పోస్టు) గానీ పుల్ రిక్వెస్ట్ (తాము చేసిన మార్పును మీ కోడ్‌లో కలపమని అడగడం) గానీ తెరిచేవాళ్లకు, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ దాని లింకు చూపిస్తుంది. సెటప్ కమాండ్లు, టెస్టులు నడిపే పద్ధతి, రివ్యూకి (వచ్చిన మార్పును మీరు చదివి చూడటానికి) సుమారు ఎన్ని రోజులు పడుతుందో రాస్తే చాలు.

కొత్తవాళ్లకు తగిన పని అని చెప్పే 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' లేబుల్ అంటించి వదిలేస్తే లాభం లేదు. ఏ ఫైల్లో చూడాలి, పని అయిపోయిందని ఎలా తెలుస్తుంది, ఈ రెండూ ఆ ఇష్యూలోనే రాయండి. పది నిమిషాల్లో మీరే చేసేయగలిగిన చిన్న పనులు ఉంటాయి చూడండి, చేతులు దురద పెట్టినా వాటిని కొత్తవాళ్లకే వదలండి.

అన్నిటికంటే ముఖ్యం జవాబు. రివ్యూకి టైమ్ లేకపోతే 'చూశాను, ఆదివారం చదువుతా' అని ఒక్క ముక్క రాయండి. స్పేసులు, కామాల గొడవ ఫార్మాటర్‌కి (కోడ్‌ని తనే సర్దిపెట్టే టూల్) అప్పగించండి, మొదటిసారి వచ్చినవాళ్లతో మీరు పెట్టుకోకండి.

తలుపు తెరిస్తే చెత్త కూడా వస్తుంది, నిజమే. 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో (అక్టోబరులో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపే కార్యక్రమం) టీషర్టు కోసం పనికిరాని పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తితే, పాల్గొంటామని ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకునేలా మధ్యలోనే రూల్ మార్చారు. అలాంటివి మర్యాదగా మూసేయండి.