జీరో బటన్ నొక్కే ముందు: బాయిలర్ ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌ను సరిచూసే పద్ధతి

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం పారిశ్రామిక వాడలోని మందుల కర్మాగారాల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో కొత్తగా చేరే ఐటీఐ, డిప్లొమా పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆవిరి హెడర్ (బాయిలర్ ఆవిరిని పంచే ప్రధాన గొట్టం) మీది ప్రెషర్ ట్రాన్స్‌మిటర్, అంటే పీడనాన్ని కొలిచి కరెంటు సిగ్నల్‌గా పంపే పరికరం, తప్పు చూపుతోందని కంట్రోల్ రూమ్ నుంచి కబురు రాగానే చాలామంది చెయ్యి, ఆ క్షణంలో ఉన్న పీడనాన్నే సున్నాగా తీసుకోమని చెప్పే జీరో బటన్ మీదికి వెళుతుంది. నిజానికి అది అన్నీ తేలిన తరువాత చేయవలసిన పని.

ముందు సిగ్నల్ లెక్క అర్థం కావాలి. చదరపు సెంటీమీటరుకు 0 నుంచి 16 కిలోల శ్రేణిని 4–20 మిల్లీఆంపియర్లకు అమరిస్తే కిలోకు సరిగ్గా 1 మిల్లీఆంపియర్ వస్తుంది కాబట్టి, 8 కిలోల వద్ద మీటరులో 12 కనిపించాలి. పీడనం లేనప్పుడు కూడా 4 ఉంచడానికి కారణం, వైరు తెగితే సిగ్నల్ 0కు పడిపోయి ఆ తేడా వెంటనే తెలియడమే. రెండు వైర్ల ట్రాన్స్‌మిటర్ తాను పనిచేయడానికి కావలసిన విద్యుత్తును కూడా ఆ 4లోనే తీసుకుంటుంది.

పర్మిట్ తీసుకుని, పీడనాన్ని బట్టి ఇంధనాన్ని సర్దే కంట్రోలర్‌ను మాన్యువల్‌లో పెట్టించి, ఇంటర్‌లాక్‌ను (ప్రమాదంలో బాయిలర్‌ను ఆపే రక్షణ ఏర్పాటు) తాత్కాలికంగా పక్కన పెట్టే బైపాస్‌కు రాతపూర్వక అనుమతి పొందిన తరువాతే వాల్వు ముట్టుకోవాలి. ఆటోలో ఉండగా వాల్వు మూసి (ఐసొలేట్ చేసి), లోపలి పీడనాన్ని బయటికి వదిలే వెంట్ తెరిస్తే, పీడనం పడిపోయిందని భావించి కంట్రోలర్ ఇంధనం పెంచుతుంది. వెంట్‌ను ముఖం పక్కకు పెట్టి నెమ్మదిగా తెరవాలి, లోపలి నీరు కాలుతూ ఉంటుంది.

ఇప్పుడు అందరూ పొరబడే చోటుకు వద్దాం. ట్రాన్స్‌మిటర్, హెడర్ నుంచి పీడనం తీసుకునే ట్యాపింగ్‌కు 3 మీటర్ల దిగువన ఉంటే, ఆ రెంటినీ కలిపే సన్నని గొట్టమైన ఇంపల్స్ లైనులో నిలిచిన నీటి బరువు 0.3 కిలోలు అదనంగా కలుస్తుంది. అందుకే తెలిసినవారు శ్రేణిని 0.3 నుంచి 16.3కు అమరుస్తారు. అలాంటిదాని వెంట్ తెరిచి చూస్తే సిగ్నల్ 4 కంటే తగ్గి, చాలా ట్రాన్స్‌మిటర్లలో 3.8 దగ్గర ఆగుతుంది. అది లోపం కాదు. చేరిన కొత్తలో నేను అది తెలియక జీరో బటన్ నొక్కాను. శ్రేణి 0–16కు జరిగిపోయి, ఆ రోజంతా తెరమీద పీడనం 0.3 కిలోలు ఎక్కువగా కనిపించింది. కాబట్టి డేటాషీట్‌లోని శ్రేణి చూడకుండా బటన్ ముట్టుకోవద్దు.

తరువాత టెర్మినల్ మూత విప్పి చూడండి. మన తీరపు ఉప్పుగాలికి, వానకాలపు తేమకు, కేబుల్ లోపలికి వచ్చే గ్లాండ్ గుండా నీరు దిగి, స్క్రూల చుట్టూ పచ్చటి పొర పేరుకుంటుంది. ఆ తడి గుండా రెండు టెర్మినళ్ల మధ్య కరెంటు కారితే అది ట్రాన్స్‌మిటర్ కరెంటుకు కలిసి రీడింగ్ పెరుగుతుంది. సరఫరా ఆపి, శుభ్రపరిచి, ఆరబెట్టి, మూత ఓ-రింగ్ మార్చి, కేబుల్‌ను గ్లాండ్ కంటే కిందికి వంచి మళ్లీ పైకి తెచ్చేలా కట్టాలి. వాననీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది.

అప్పటికీ తేడా ఉంటే హ్యాండ్ పంపు, సర్టిఫికెట్ గడువు దాటని మాస్టర్ గేజ్ కలిపి 0.3, 4.3, 8.3, 12.3, 16.3 కిలోల వద్ద ఎక్కుతూ, మళ్లీ దిగుతూ రీడింగులు రాయాలి. వరుసగా 4, 8, 12, 16, 20 రావాలి. సర్దుబాటుకు ముందు దొరికిన అంకెలను తప్పక నమోదు చేయాలి, లేకపోతే ఇన్నాళ్లు ఎంత తప్పుతో బాయిలర్ నడిచిందో ఎవరికీ తెలియదు. మిల్లీఆంపియర్లు సరిగా ఉండి తెరమీద అంకె తప్పితే, కంట్రోల్ రూమ్ వైపు సిగ్నల్ అందుకునే కార్డు దగ్గరి 250 ఓమ్‌ల రెసిస్టర్ మీద 1–5 వోల్టులు వస్తున్నాయో చూసి, అవి సరిపోతే తెర స్కేలింగ్ సరిచూడాలి.

తిరిగి కలిపేటప్పుడు ఇంపల్స్ లైనును నీటితో నింపాలి, లేకపోతే వేడి ఆవిరి నేరుగా డయాఫ్రం (పీడనాన్ని గ్రహించే పలుచని పొర) మీదికి వస్తుంది. వాల్వు నెమ్మదిగా తెరిచి, హెడర్ మీది గేజ్‌తో రీడింగ్ పోల్చి, ఇంటర్‌లాక్ బైపాస్ తీయించి, కంట్రోలర్‌ను ఆటోకు మార్చిన వేళను రిజిస్టరులో షిఫ్టు ఇన్‌చార్జి సంతకంతో రాయించాలి.