ఎర్తు వేసేదాకా లైను బతికున్నట్టే: విద్యుత్ సహకార సంఘాల్లో భద్రత, ఆరోగ్యం చూసుకునే తీరు

సప్లై ఉందని తెలిసిన తీగ దగ్గరికి ఎవరూ అజాగ్రత్తగా వెళ్లరు. జాగ్రత్త సడలేది ‘సప్లై తీసేశారులే’ అనుకున్న తీగ దగ్గర. రాత్రంతా నిద్ర లేనివాడు, ఎండకు తల తిరుగుతున్నవాడు, జేబులో ఫోన్ ఆగకుండా మోగుతున్నవాడు ఆ మాటను ఇంకా తొందరగా నమ్మేస్తాడు. అందుకే భద్రత ఒక ఫైలు, ఉద్యోగుల ఆరోగ్యం ఇంకో ఫైలుగా నడిపితే రెండూ కాగితాల మీదే మిగులుతాయి. ఇక్కడ ప్రధానంగా చెబుతున్నది 11 కేవీ (11,000 వోల్టుల) పంపిణీ లైను మీద సప్లై తీసి, ఎర్తు వేసి, అంటే తీగలను భూమికి కలిపి, చేసే పని గురించి. వోల్టేజ్ మారితే దూరాలు, గ్లౌజుల తరగతి మారతాయి. పనుల వరుస మాత్రం అదే.

స్తంభం ఎక్కకముందు

స్తంభం కింద అందరూ నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడుకోవాలి. ఏ పని, ఏ స్తంభం నుంచి ఏ స్తంభం దాకా, సప్లై ఎక్కడ తీశారు, పక్కన ఇంకా బతికున్న తీగ ఏది, పైనున్న మనిషికి ఏమైనా అయితే ఎవరు ఎక్కుతారు, అంబులెన్సుకు ఈ చోటు ఏమని చెప్పాలి అన్నవి తేలాలి. మేస్త్రీ ఒక్కడే చెప్పి మిగతావాళ్లు తలూపితే లాభం లేదు, ఎవరి పని వాళ్ల నోటితో చెప్పాలి. మధ్యలో కొత్త మనిషి వచ్చి చేరినా, పని మారినా మళ్లీ మాట్లాడుకోవాలి.

స్తంభాన్ని కూడా చూడాలి. సిమెంటు స్తంభానికి నేల మట్టంలో పగుళ్లు, బయటపడిన ఇనుప తీగలు. ఇనుప స్తంభానికి మట్టిలోపల తుప్పు. చెక్క స్తంభానికి సుత్తితో కొడితే వచ్చే బోలు శబ్దం. అనుమానం ఉంటే ఎక్కేముందు తాళ్లతో నాలుగు వైపులా ఆపు కట్టాలి. తీగ విప్పిన క్షణంలో దాని లాగుడు పోయి స్తంభం ఒరుగుతుంది. అప్పటిదాకా నిలబడి ఉన్నదంటే ఆ తీగలే దాన్ని పట్టుకున్నాయన్నమాట.

సప్లై తీయడం

బ్రేకర్ ట్రిప్ చేసి సప్లై ఆపితే సరిపోదు. సప్లై వచ్చే దారిలో కంటికి కనిపించే ఖాళీ ఉండాలి. ఏబీ స్విచ్ (గాలిలో బ్లేడులు తెరుచుకునే లైను స్విచ్) హ్యాండిల్ కిందికి లాగగానే పని అయిపోయిందనుకోవద్దు. పైపు వంగినా, బోల్టు ఊడినా మూడు బ్లేడుల్లో రెండే తెరుచుకుని, మూడోది అతుక్కునే ఉంటుంది. కింద నుంచి తలెత్తి మూడింటినీ విడివిడిగా చూడాలి. తరువాత హ్యాండిల్‌కు తాళం, డేంజర్ బోర్డు. తాళంచెవి లైన్ క్లియర్ (సప్లై తీశాం, పని చేసుకోవచ్చన్న అనుమతి) తీసుకున్న మనిషి జేబులోనే ఉండాలి. డ్రాపవుట్ ఫ్యూజులైతే బ్యారెళ్లు (ఫ్యూజు గొట్టాలు) తీసి కిందికి తెచ్చేయాలి.

లైన్ క్లియర్ ఫోన్‌లో తీసుకుంటే ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) పేరు, స్తంభాల నంబర్లు, సమయం ఇద్దరూ రాసుకుని, విన్నవాళ్లు తిరిగి చదివి వినిపించాలి. ఒకే ఫీడర్ మీద రెండు బృందాలుంటే రెండు లైన్ క్లియర్లు, రెండు తాళాలు. ‘పదకొండున్నరకు సప్లై ఇచ్చేయండి’ అని టైము చెప్పి ఎక్కే అలవాటు ఎక్కడున్నా దాన్ని ఆ రోజే ఆపాలి. గడియారానికి పైనున్న మనిషి దిగాడో లేదో తెలియదు.

ఒక వైపు తీసినంత మాత్రాన ఇంకో వైపు నుంచి రాదని కాదు. లైను చివర ఇంకో ఫీడర్‌కు కలిపే టై స్విచ్, మీదుగా దాటే మరో ఫీడర్, వేరే స్విచ్ నుంచి వచ్చే వీధిదీపాల తీగ, అన్నీ లెక్కలోకి రావాలి. వీటన్నిటికంటే మోసం చేసేది వెనక నుంచి వచ్చే సప్లై. ఒక ఇంట్లో జనరేటర్‌ను చేంజోవర్ స్విచ్ (బయటి సప్లైనో జనరేటర్‌నో ఒక్కదాన్నే కలిపేది) లేకుండా నేరుగా వైరింగ్‌కు కలిపారనుకోండి. దాని 230 వోల్టులు సర్వీసు తీగ మీదుగా ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ (తక్కువ వోల్టేజ్) వైపు చేరతాయి. 11 కేవీ/433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌లో కింద ఒక ఫేజుకు 250 వోల్టులుంటే పైన 11,000 ఉంటాయి. ఆ లెక్కన ఈ 230, పైన 10,000 దాటుతుంది. చుట్టుపక్కల ఇళ్ల లోడు పడితే చిన్న జనరేటర్ ఆగిపోవచ్చు. గాలివానకు ఎల్‌టీ తీగ తెగి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ ఒక్క ఇల్లే మిగిలితే మాత్రం హాయిగా నడుస్తూనే ఉంటుంది. అందుకే పనిచేసే ప్రాంతంలోని ట్రాన్స్‌ఫార్మర్లను రెండు వైపులా విడదీయాలి, లేదా రెండు వైపులా ఎర్తు చేయాలి. సోలార్ ఇన్వర్టర్లు గ్రిడ్ పోగానే తమంతట తామే ఆగేలా తయారవుతాయి కానీ, బ్యాటరీతో కలిపి తప్పుగా వైరింగ్ చేసినచోట ఆ ధీమా పనికిరాదు.

లైనులో కెపాసిటర్ బ్యాంకు (సప్లై పోయినా కాసేపు ఛార్జి నిలుపుకునే పరికరం) ఉంటే సప్లై తీశాక కనీసం 5 నిమిషాలు ఆగి, ఆ తరువాతే షార్టు చేసి ఎర్తు వేయాలి.

పరీక్ష, ఆ వెంటనే ఎర్తు

ఇన్సులేటెడ్ రాడ్డుకు బిగించిన వోల్టేజ్ డిటెక్టర్‌ను ముందు సప్లై ఉందని తెలిసిన చోట గానీ, దాని పరీక్షా పరికరంతో గానీ చూడాలి. తరువాత పనిచేసే లైను. తరువాత మళ్లీ మొదటి చోట. ఈ మూడో పరీక్షే చాలామంది వదిలేస్తారు. బ్యాటరీ మధ్యలో అయిపోయిన డిటెక్టర్, చచ్చిన లైను దగ్గర ఎలా మౌనంగా ఉంటుందో బతికిన లైను దగ్గర కూడా అలాగే ఉంటుంది. ప్రతి తీగనూ, న్యూట్రల్‌ను కూడా చూడాలి.

ఎర్తింగ్ సెట్టులో ముందు బిగించేది ఎర్తు వైపు క్లాంపు. దాన్ని గట్టిగా బిగించాకే రాడ్డుతో లైను వైపు క్లాంపులు, దగ్గరి తీగ నుంచి దూరపు తీగ వరకు. తీసేటప్పుడు దీనికి సరిగ్గా తిరగేసి: లైను వైపు ముందు, ఎర్తు చివర. ఈ వరుస తప్పితే, లైనులో మిగిలిన కరెంటుకు ఎర్తు దారి చేతిలో క్లాంపు పట్టుకున్న మనిషే అవుతాడు.

అల్యూమినియం తీగ మీద ఆక్సైడ్ పొర ఉంటుంది. క్లాంపు పెట్టేచోట వైర్ బ్రష్‌తో రుద్దకపోతే బిగించినట్టే కనిపిస్తుంది గానీ, ఫాల్టు కరెంటు వచ్చినప్పుడు అక్కడే కాలి ఊడిపోతుంది. కేబుల్‌ను క్లాంపు దగ్గర వేళ్లతో వంచి చూడండి. తొడుగు బాగానే ఉండి లోపల పోగులు తెగి ఉంటే ఆ చోటు మెత్తగా, తేలిగ్గా వంగుతుంది. అలాంటిది ఎర్తు కాదు, ఫ్యూజు. కేబుల్ అవసరానికి మించి పొడవుంటే ఫాల్టు సమయంలో కొరడాలా విసురుతుంది కాబట్టి పొట్టిదే వాడాలి, స్తంభానికి కట్టాలి. గొలుసో, తీగ ముక్కో లైను మీదికి విసిరి ‘ఎర్తు వేశాం’ అనడం ఎర్తింగ్ కానే కాదు.

పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్తు వేసినా ఒక చిక్కు మిగులుతుంది. పొరపాటున సప్లై వస్తే వేల ఆంపియర్లు భూమిలోకి దిగుతూ లైను వోల్టేజీని పైకి లేపుతాయి. ఎర్తు నాలుగు స్తంభాల అవతల ఉంటే, మనిషి చేయి తీగ మీద, కాలు స్తంభం మీద, రెండింటి మధ్య వేల వోల్టుల తేడా. అదే, పనిచేసే స్తంభానికే పాదాల కింద ఒక పట్టీ బిగించి, తీగలనూ ఎర్తునూ దానికి కలిపితే చేయి, కాలు ఒకే వోల్టేజీలో ఉంటాయి. కిందున్నవాళ్లకు ఈ రక్షణ లేదు. ఎర్తు రాడ్డుకు, స్తంభానికి, తీగ తగిలే వీలున్న వాహనానికి కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి.

జంపరు (రెండు తీగలను కలిపే ముక్క) విప్పుతున్నా, తీగ కోస్తున్నా రెండు ముక్కలకూ విడిగా ఎర్తు ఉండాలి. పక్కన సమాంతరంగా పెద్ద లైను పోతుంటే, ఎర్తు లేని ముక్కలో ఇండక్షన్ వల్లే ప్రాణం తీసేంత వోల్టేజ్ పుడుతుంది.

పని అయ్యాక మనుషుల్ని లెక్కపెట్టాలి, తరువాత ఎర్తు సెట్లను. ప్రతి సెట్టుకూ నంబరు బిళ్ల ఉంటే ఈ లెక్క తప్పదు. లైన్ క్లియర్ తీసుకున్న మనిషే దాన్ని తిరిగి ఇవ్వాలి.

గ్లౌజులు, దుస్తులు, బెల్టు

రబ్బరు గ్లౌజుల తరగతి 0 అయితే 1,000 వోల్టుల వరకు, తరగతి 1 అయితే 7,500, తరగతి 2 అయితే 17,000. కాబట్టి 11 కేవీకి తరగతి 2 కావాలి. వాడకంలో ఉన్నవాటికి 6 నెలలకోసారి విద్యుత్ పరీక్ష జరగాలి, తేదీ గ్లౌజు మీదే కనిపించాలి.

రోజూ చేయాల్సింది గాలి పరీక్ష. అంచు రెండు చేతులా పట్టుకుని, లోపల గాలి చిక్కేలా వేళ్ల వైపు చుట్టుకుంటూ రావాలి. అరచేయి ఉబ్బుతుంది. అప్పుడు ఒక్కో వేలినీ నొక్కుతూ చెంపకు దగ్గరగా పెట్టండి. సూది మొనంత రంధ్రం ఉన్నా చర్మానికి గాలి తగులుతుంది, చెవికి సన్నగా వినిపిస్తుంది. వేళ్ల సందుల్లో సన్నటి గీతల్లా పగుళ్లుంటే అది ఓజోన్ పని, మడతపెట్టి దాచిన గ్లౌజుల్లో ముందుగా వచ్చేది అదే. ఏ లోపం కనిపించినా మరొకరు తీసుకుని వేసుకోకుండా అక్కడే అంచు కోసేయాలి. గ్రీజు, పెట్రోలు, పెట్రోలియం కలిసిన క్రీములు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి.

రబ్బరు మీద తోలు గ్లౌజు తప్పనిసరి, తీగ పోగు ఒక్కటి గుచ్చుకున్నా రబ్బరు పనైపోతుంది. తోలు అంచు మాత్రం రబ్బరు అంచు కంటే పొట్టిగా ఉండాలి. తరగతి 2కు ఆ తేడా కనీసం 51 మిల్లీమీటర్లు. చెమటకు లోపల పలుచటి నూలు గ్లౌజు వేసుకోవచ్చు.

ఆర్క్ (గాలిలో ఎగిసే విద్యుత్ మంట) వచ్చినప్పుడు పాలిస్టర్ బట్ట కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఆర్క్ రేటింగ్ ఉన్న దుస్తులే కొనాలి, లోపలి బనియను కూడా నూలుదే ఉండాలి. ఉంగరం, గొలుసు, లోహపు గడియారం బండిలోనే వదలాలి. నడుము బెల్టు ఒక్కటే పడిపోయేటప్పుడు ఆపలేదు, ఫుల్ బాడీ హార్నెస్ కావాలి.

షాక్ కొట్టినప్పుడు

సప్లై పోయిందని తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ తరువాత స్తంభం మీద గుండె నొక్కుతూ సమయం పోగొట్టవద్దు, కిందికి దించాలి. అందుకు తాడు పని మొదలైనప్పుడే పైన సిద్ధంగా ఉండాలి, పొడవు స్తంభం ఎత్తుకు రెండింతలకు పైగా. తాడును క్రాస్ ఆర్మ్ (తీగలను మోసే అడ్డకమ్మీ) మీదుగా వేసి, చిన్న కొసను దిగే తాడుకు రెండు చుట్లు తిప్పి, మనిషి చంకల కిందుగా ఛాతీకి మూడు ముడులు వేయాలి. సందు లేకుండా తాడు బిగించాకే అతని బెల్టు కోయాలి, కత్తి తాడుకు తగలకుండా. శ్వాస ఆగిన మనిషికి 4 నిమిషాలు దాటితే మెదడుకు దెబ్బ మొదలవుతుంది కాబట్టి, ఇది బొమ్మతో సాధన చేసి గడియారం పెట్టి చూసుకోవాల్సిన పని.

కిందికి రాగానే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. 30 నొక్కులకు 2 శ్వాసలు. డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చి లయ సరిచేసే యంత్రం) బండిలో ఉంటే వెంటనే పెట్టాలి, ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. లేచి కూర్చుని ‘ఏం కాలేదు’ అన్నా ఆసుపత్రిలో ఈసీజీ తీయించాల్సిందే. హై వోల్టేజ్ షాక్‌లో పైన చిన్న కాలుడే కనిపించినా లోపల కండరం నలిగి, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు.

ఎండ, నిద్ర, భుజాలు

రబ్బరు గ్లౌజులు, హెల్మెట్, మందపాటి దుస్తులతో ఒంటి వేడి బయటికి పోదు. ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్ల నీళ్లు. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. గంటకు 1.4 లీటర్లు మాత్రం మించకూడదు, రక్తంలో ఉప్పు పలుచబడుతుంది. గంటల తరబడి చెమట పడితే ఓఆర్ఎస్ ఇవ్వాలి. కొత్తవాళ్లకు మొదటి రోజు ఎండలో పని ఐదో వంతు సమయమే, రోజుకు ఇంకో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలి. ఎవరైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. అంబులెన్సుకు ఫోన్ చేస్తూనే బట్టలు వదులు చేసి చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడపాలి.

17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానం. గాలివాన రాకముందే వంతుల పట్టిక రాసి ఉండాలి: ఏకబిగిన 16 గంటలు దాటకూడదు, ఆ తరువాత కనీసం 8 గంటల విశ్రాంతి, ఇంటికి బండి నడిపేది వేరొకరు. సగంలో ఉన్న పనిని అలసిన మేస్త్రీ తనంతట తాను వదలడు, కాబట్టి ఆ నిర్ణయం కంట్రోల్ రూముది కావాలి. పొరుగు సంఘం నుంచి బృందాలు వస్తే, మీ స్తంభాల నంబర్లు తెలిసిన మనిషి ప్రతి బృందంలో ఒకరుండాలి.

చేతి క్రింపింగ్ ప్రెస్‌తో (తీగల అతుకులను నొక్కి బిగించే పనిముట్టుతో) తలకంటే ఎత్తులో రోజంతా పనిచేస్తే భుజం కండరాలు, స్నాయువులు అరిగిపోతాయి. బ్యాటరీ క్రింపర్ ఖరీదు చూసి వెనకాడవద్దు. మనిషిని పైకి లేపే బండి బకెట్‌ను పని ఛాతీ ఎత్తుకు వచ్చేదాకా పైకి లేపుకోవాలి.

సభ్యులు, బోర్డు

సహకార సంఘంలో వినియోగదారుడే యజమాని, లైన్‌మన్ నంబరు అతని దగ్గర ఉంటుంది. ‘కరెంటు ఎప్పుడొస్తుంది’ అన్న ఫోన్లు స్తంభం మీదున్న మనిషికి వెళ్లకూడదు. పని సమయంలో అన్ని కాల్స్ కార్యాలయానికి మళ్లించండి. సురక్షితం కాదనిపిస్తే ఎవరైనా, కొత్తగా చేరిన హెల్పరైనా పని ఆపవచ్చని బోర్డు తీర్మానం చేసి సభ్యులకు కూడా తెలపాలి.

ప్రమాదం తప్పిపోయిన ప్రతి సందర్భాన్నీ ఆ షిఫ్టు ముగిసేలోపే రాయించాలి: ఏ స్తంభం, ఏ వరుస తప్పింది, ఎందుకు. శిక్ష వేస్తే ఆ పుస్తకం ఖాళీగానే ఉంటుంది. తీవ్రమైన ప్రమాదం చూసిన బృందాన్ని ఆ రోజు మళ్లీ లైను ఎక్కించకూడదు. వాళ్లతో అదే పని చేసిన సీనియర్ ఒకరు మాట్లాడాలి, కొన్ని వారాల తరువాత కూడా నిద్ర పట్టడం లేదంటే సెలవు, వైద్యుడి ఖర్చు సంఘమే పెట్టుకోవాలి.