ముక్కు నుంచి రక్తం కారుతుంటే ఎలా ఆపాలి?

రక్తం కనబడగానే చాలామంది తల వెనక్కి వాల్చేస్తారు. దాంతో రక్తం ఆగదు, గొంతులోకి దిగుతుంది. అది మింగితే కడుపులో తిప్పి వాంతవుతుంది, ఎంత పోతోందో కూడా తెలియదు.

పదిలో తొమ్మిదిసార్లు రక్తం వచ్చేది రెండు రంధ్రాల మధ్య గోడ ముందు భాగం నుంచే. అక్కడ పల్చటి పొర కింద సన్నటి రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. బయటి నుంచి నొక్కితే అందే చోటే.

1. నిటారుగా కూర్చుని తల కాస్త ముందుకు వంచండి. పడుకోవద్దు.

2. ముక్కుదూలం మీద వేలు కిందికి జరపండి. ఎముక ఆగిపోయి మెత్తగా తగిలే చోట, రెండు పుటాలూ కలిసిపోయేలా బొటనవేలు, చూపుడువేలుతో నొక్కిపట్టండి. పైన ఎముక దగ్గర ఎంత నొక్కినా లాభం లేదు.

3. గడియారం చూసుకుంటూ 10–15 నిమిషాలు వదలకండి. ఆగిందేమోనని మధ్యలో తీసి చూస్తే అప్పుడే కడుతున్న గడ్డ ఊడిపోతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. నోటితో ఊపిరి తీసుకోండి, నోట్లోకొచ్చిన రక్తం ఉమ్మేయండి.

ఆగకపోతే ఇంకోసారి అంతే సేపు నొక్కండి. దూది కుక్కొద్దు, తీసేటప్పుడు గడ్డను కూడా లాక్కొస్తుంది. ఐసు పెట్టినా ఫర్వాలేదు గానీ, పనిచేసేది నొక్కడమే.

అరగంటకూ ఆగకపోయినా, నొక్కి ఉంచినా గొంతులోకి ధారగా దిగుతున్నా, తలకు దెబ్బ తగిలాక మొదలైనా, కళ్లు తిరుగుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రెండేళ్ల లోపు పిల్లలకు వస్తే ఆగినా సరే డాక్టర్‌కి చూపించాలి.

ఆగాక 24 గంటలు ముక్కు చీదొద్దు, బరువులెత్తొద్దు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మండి.

ఎక్కువగా కనిపించే కారణాలు పొడిగాలి, జలుబు, అలర్జీ, ముక్కులో వేలు పెట్టడం. లోపల పొర ఎండకుండా సెలైన్ (ఉప్పునీటి) ముక్కు చుక్కలు వాడండి. అలర్జీకి స్టెరాయిడ్ స్ప్రే వాడేవాళ్లు దాన్ని మధ్య గోడ మీదికి కొట్టకూడదు: కుడి రంధ్రానికి ఎడమ చేత్తో, ఎడమ రంధ్రానికి కుడి చేత్తో పట్టుకుంటే మొన దానంతటదే చెవి వైపు తిరుగుతుంది. పిల్లలకు ఒక్క రంధ్రం నుంచే దుర్వాసనతో రక్తం వస్తుంటే లోపల ఏదో ఇరుక్కుందేమో చూపించండి. అది బటన్ బ్యాటరీ (బొత్తాంలా ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ) అయితే గంటల్లోనే పొరను కాల్చేస్తుంది.

రక్తం కారేటప్పుడు బీపీ కంగారుకే పెరిగి ఉండొచ్చు, కుదుటపడ్డాక మళ్లీ చూసుకోండి. రక్తం పల్చబరిచే మాత్రలు వాడేవారికి ఆగడం ఆలస్యమవుతుంది. అలాగని డాక్టర్‌ని అడక్కుండా మాత్ర మానేయొద్దు.